స్తంభానికి రెండు మేకులు

మా సైకిల్ మేస్త్రి చనిపోయాడని మొన్న పొద్దున కోడలు చెప్పింది. నేనప్పుడు ఆయన్నే తిట్టుకుంటున్నాను, కబురు పెట్టి వారమైనా రాలేదని. సగం తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

ఆయన మొదట సాంచెలు, అంటే మరమగ్గాలు, బాగుచేసేవాడు. అవి మూతబడ్డాక ఖానాపూర్ వచ్చి సైకిల్ దుకాణం పెట్టాడు. మా కోడలు ఊళ్లు తిరిగి టీకాలు వేసే నర్సు. ఆమె కరెంటు సైకిల్‌కు ఎత్తులెక్కే పెద్ద మోటారు బిగించింది ఆయనే. బిగించాక సంతోషించకుండా తల గోక్కున్నాడు.

"పంతులమ్మా, మోటార్ ఎద్దు లెక్క గుంజుతుంది. గీ సన్న చైను ఆగది. గట్టి చైను, ఉక్కు పండ్ల చక్రాలు ఎయ్యాలె. కరీంనగర్ నుంచి తెప్పిస్త, జర ఆగుండ్రి."

"ఎన్ని దినాలు?"

"పది."

"పది దినాలు టీకాలు ఆగుతయా? సైకిల్ చేస్తున్నవా, రథం చేస్తున్నవా మేస్త్రీ?"

నా ఉద్యోగానికే గానీ నా నోటికి రిటైర్మెంట్ లేదు. బండి తెప్పించేసుకుని, అదే సన్న చైనుతో కోడల్ని పంపాను. నాలుగో రోజు ఘాటు రోడ్డు ఎక్కుతుంటే చైను తెగింది. కోడలి మణికట్టు విరిగింది.

మేస్త్రి చూడటానికి వచ్చాడు. "నేను చెప్పలేదా" అంటాడని జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆయన ఆ మాటే అనలేదు.

"తప్పు నాదే పంతులమ్మా. నేను బండి ఇయ్యకుండ ఉండాల్సింది."

"కాదు, నాది" అనడానికి రెండు ముక్కలు చాలు. ఇన్నేళ్లు పిల్లల చేత తప్పులు ఒప్పించిన నేను, చాయ్ పెట్టే వంకతో లోపలికి వెళ్లాను.

సామాను వచ్చాక చైనూ, అది తిరిగే ముందూ వెనకా పళ్ల చక్రాలూ కలిపి మార్చాడు. "పాత చక్రం మీద కొత్త చైను ఎయ్యద్దు. అరిగిన పండ్లు కొత్తదాన్ని గుడ తింటయ్."

"అత్తాకోడండ్ల లెక్కనా?" అన్నాను.

"నేనైతే ఏమనలే," అని కోడలి వైపు చూసి నవ్వాడు.

తర్వాత మా అరుగు స్తంభానికి ఒకదాని కింద ఒకటి రెండు మేకులు కొట్టాడు, కొత్త చైనుకు సరిగ్గా నలభై లంకెల దూరంలో. చైను విప్పి పై మేకుకు తగిలిస్తే, నలభయ్యో లంకె సందులో కింది మేకు దూరాలి. దూరకపోతే చైను సాగినట్టు. అప్పుడిక మార్చాల్సిందే. ఇలాంటి బండి ఉన్న ఇంట్లో మీరూ కొట్టుకోండి.

"చైను చెప్పకుండ తెగది పంతులమ్మా. ముందుగాల సాగుతది. చూసేటోళ్లు ఉండాలె," అనేవాడు.

నెలకోసారి ఆయనే వచ్చి చూసేవాడు. ఈసారి ఆ రెండు ముక్కలూ చెప్పేద్దామనుకుని, ప్రతిసారీ చాయ్ ఇచ్చి పంపేదాన్ని.

నిన్న చైను నేనే తగిలించాను. కింది మేకు దూరలేదు. లంకె వెంట్రుకవాసి కిందికి దిగిపోయింది.

"ఇంకో వారం నడవదా అత్తమ్మా? రేపు టీకాలున్నయ్," అంది కోడలు, ఆ మణికట్టు నిమురుకుంటూ.

"నడవది. సామాను వచ్చేదాక బస్సుల పో. పది దినాలు ఆగితే ఏం కాదు."

ఆ మాట వినాల్సిన మనిషి లేడు. చైను ఇంకా స్తంభానికే వేలాడుతోంది. గాలి వీచినప్పుడల్లా కింది మేకుకు తగిలి సన్నగా చప్పుడు చేస్తోంది.