నేలకు ఆనని నాలుగో చక్రం

ఈ పొద్దున మా రూమ్‌లో ప్లాస్టిక్ లారీ మోడల్ దాదాపు పూర్తయింది. ముక్కలన్నీ అతికించి, రంగు కూడా వేశాక బల్ల మీద నిలబెడితే మూడు చక్రాలే ఆనాయి. నాలుగోది గాల్లో ఉంది. ఇరుసు వంకరగా ఉండగానే జిగురు గట్టిపడిపోయింది. రూమ్మేట్ స్వప్న కటింగ్ ప్లేయర్ పట్టుకొచ్చింది.

"అది వద్దే, ఉడుకునీళ్లు తే" అన్నాను.

బోధన్‌లో నాతో చదివినవాళ్లారా, సైన్స్ ఎగ్జిబిషన్ ముందురోజు భయం గుర్తుందా? ఆరో తరగతిలో నేను అతికించిన ట్రాక్టర్‌కూ ఇదే రోగం. ఇరుసు పట్టి గుంజబోతుంటే, బీడీలు చుడుతున్న మా అవ్వ చాట పక్కన పెట్టింది.

"గుంజకు పిల్లా, ఇరుగుతది. రేపు బడిల ఏం జూపిస్తవ్, పుల్లలా?"

అప్పుడే వార్చిన గంజిలో ఇరుసు ముంచింది. వంకరపోయిన దువ్వెనలను కూడా ఆమె అలాగే సరిచేసేది. మెత్తబడ్డాక వేలితో కొంచెం వంచి, బీడీల దారంతో నా స్కేలుకు బిగించి, కుండనీళ్లలో పెట్టింది. చల్లారాక విప్పి, చక్రం కింద బీడీలు చుట్టే తునికాకు దూర్చబోయింది. ఆకు దూరలేదు.

"గిప్పుడు నిలవడ్డది. పో, ఇగ బడాయి కొట్టుకో."

గంజి వాసన, తునికాకు వాసన కలిసిన ఆ ఇల్లు ఇప్పుడు లేదు. మా కుక్కర్ అన్నానికి గంజే రాదు. ఉడుకునీళ్లలోనే ఇరుసు ముంచి, వంచి, చల్లార్చాను. తునికాకుకు బదులు బస్సు టికెట్టు స్వప్న చేతికిచ్చాను.

"చక్రం కిందికి పోతలేదే!" అంది.

"పోదు. ఇగ ఫొటో తియ్యి."