సూర్యాపేటలోనే నా లివర్ ఆపరేషన్

మాది గరిడేపల్లి దగ్గర పల్లె. మా ఆయన లింగయ్య గొర్రెలు కాస్తాడు, నేను అంగన్‌వాడీలో పనిచేస్తాను. ఆ రోజు బియ్యం బస్తా పక్కకు జరుపుతుంటే కుడి పక్కటెముకల కింద ఏదో బరువుగా అడ్డుపడినట్టనిపించింది. గ్యాస్ అనుకుని మాత్రలు మింగాను. తగ్గలేదు. పోనుపోను నాలుగు ముద్దలకే కడుపు నిండిపోయేది.

హుజూర్‌నగర్‌లో స్కానింగ్ తీసి సూర్యాపేటకు పొమ్మన్నారు. సీటీ స్కాన్ చూసిన సర్జన్ మొదట అడిగిన మాట: "ఇంట్ల గొర్లు, కుక్కలు ఉన్నయా అమ్మా?"

రెండూ ఉన్నాయన్నాను. లివర్‌లో హైడాటిడ్ సిస్ట్ అట. కుక్కల మలంలోని పురుగు గుడ్లు మన నోట్లోకి పోతే లోపల నీటిబుడగలా పెరుగుతుందట.

"క్యాన్సర్ కాదు. కానీ లోపల పగిలితే ప్రమాదం. తీసెయ్యాలె," అన్నాడు.

మిర్యాలగూడలో ఉండే మా అన్న ఒప్పుకోలేదు. "లివర్ ఆపరేషన్ గీడనా? హైదరాబాద్ పోదాం పా," అని డాక్టర్ ముందే అనేశాడు. డాక్టర్ కోప్పడతాడేమోనని నాకు భయమేసింది. ఆయన మాత్రం ఫిల్మ్ వెలుగుకు పెట్టి చూపించాడు.

"సూడండి, సిస్ట్ అంచున ఉన్నది, పెద్ద రక్తనాళాలకు దూరం. అందుకే ఈడ చేస్త అంటున్న. నడుమల ఉంటే నేనే పంపేటోణ్ణి. ముందుగాల పురుగు సచ్చేటందుకు ఆల్బెండజోల్ గోలీలు వాడాలె. రక్తం తెచ్చిపెట్టుకుంటం, ఐసీయూ బెడ్ ఖాళీగా ఉంచుతం. అవి లేని రోజు నేను కత్తి ముట్టను."

మాత్రల కోర్సు అయ్యాక రమ్మన్నారు. మత్తు డాక్టర్ వచ్చింది కానీ నా గ్రూపు రక్తం అందలేదు. పరగడుపున వచ్చినదాన్ని అట్లాగే వెనక్కి పంపారు. ఆటోలో ఏడ్చాను. అన్న మాత్రం, "ఊకో చెల్లే. మాట మీద నిలబడే మనిషే ఈయన. ఇగ గీడనే చేయిద్దాం," అన్నాడు.

తర్వాతి వారం ఆపరేషన్ అయింది. రెండో రోజు, కడుపులోంచి బయటికి పెట్టిన డ్రైన్ గొట్టం సంచిలోకి పసుపుపచ్చ నీరు దిగింది. డాక్టర్ దాచలేదు.

"బైల్, అంటే లివర్ల ఊరే పైత్యరసం, లీక్ అయితున్నది. చానావరకు దానంతటదే ఆగుతది. ఆగకుంటే హైదరాబాద్‌ల ఈఆర్‌సీపీ చేసి, అంటే నోట్లకెళ్ళి కెమెరా గొట్టం పంపి, పైత్యం దారిల స్టెంట్ అనే సన్న పైపు పెడతరు. గాడి డాక్టర్‌తోని పొద్దుగాలనే మాట్లాడిన."

లింగయ్య నా చెయ్యి వదల్లేదు. అదృష్టం, జ్వరం రాలేదు. డ్రైన్‌తోనే ఇంటికి వచ్చాను. సంచిలోకి ఎంత దిగిందో రోజూ ఫోన్ చేసి చెప్పేవాళ్ళం. కొన్నాళ్ళకు ఒక ఉదయం చూస్తే సంచి పొడిగా ఉంది.

ఇప్పుడు అంగన్‌వాడీకి నడిచే వెళ్తున్నాను. అప్పుడప్పుడు స్కాన్ తీస్తున్నారు. లింగయ్య కుక్కలకు పురుగుల మందు వేయిస్తున్నాడు, వాటికి గొర్రెల పచ్చి కార్జం వేయడం మానేశాడు; ఆ పురుగు కుక్కలకు దాన్నుంచే వస్తుందట.

చిన్న ఊళ్ళో పెద్ద ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు డాక్టర్‌ని ఒక్కటి అడగండి: "మీ చేతిలో లేనిది ఏమైనా జరిగితే నన్ను ఎవరి దగ్గరికి పంపుతారు?" తడుముకోకుండా పేరు చెప్తే ధైర్యంగా పడుకోండి.