యూజర్ పక్కన ఒక ఎస్

2004 వానాకాలంలో నన్ను బాన్సువాడలో కాలువల పని చూసే ఒక కార్యాలయానికి కంప్యూటర్ విభాగం ఇన్‌ఛార్జిగా వేశారు. విభాగమంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక సర్వర్, దానికి తగిలించిన నాలుగు టెర్మినళ్లు, ఒక స్టూలు, నేను. హోదాలో నేను సూపరింటెండెంటు గంగారాంగారి కింద. అధికారంలో మాత్రం, నా లెక్క ప్రకారం, ఆయన పైన. ఎందుకంటే రూట్ పాస్‌వర్డ్ నా ఒక్కడి దగ్గరే ఉండేది.

ఆ యంత్రం మీద నడిచేది లైనక్స్, యూనిక్స్ కుటుంబానికి చెందిన వ్యవస్థ. అందులో ప్రతి ఉద్యోగికీ వేరే పేరు, వేరే పాస్‌వర్డ్. అందరి మీదా యజమాని రూట్, మిగతావాళ్లు యూజర్లు, అంటే కిరాయికున్నవాళ్లు. పెన్‌డ్రైవ్ గుచ్చగానే సరిపోదు. మౌంట్ అనే ఆజ్ఞతో దాన్ని వ్యవస్థకు జోడించాలి, తీసే ముందు అన్‌మౌంట్ అనే ఆజ్ఞతో విడదీయాలి. రెండూ రూట్ చేతిలోనే ఉండేవి. మా ఆఫీసు వాళ్లు వీటికి సొంత పేర్లు పెట్టుకున్నారు: ఎక్కిచ్చుడు, దించుడు. “సార్, నా పెన్‌డ్రైవ్ జర ఎక్కియ్యరాదుండ్రి” అంటూ పొద్దస్తమానం నా స్టూలు చుట్టూ తిరిగేవారు. నా వెనక నా పేరు కండక్టర్ సార్.

ఆ పేరు నాకు తెలుసు. నచ్చింది కూడా. ఎవరైనా పెన్‌డ్రైవ్ పట్టుకుని వస్తే చాయ్ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు లేచేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది గానీ, అప్పట్లో బ్రహ్మాండంగా ఉండేది.

ఆ బ్రహ్మాండం అనసూయ మెడకు చుట్టుకుంది. ఆమె కాంట్రాక్టు మీద పనిచేసే టైపిస్టు, రోజూ కోటగిరి నుంచి షేర్ ఆటోలో వచ్చేది. ఏ ఉపకాలువ కింద ఎన్ని ఎకరాలకు నీళ్లు పారాయో జాబితా తయారుచేసి, పదిహేను రోజులకోసారి పెన్‌డ్రైవ్‌లో నిజామాబాద్‌కు చేర్చాలి. ఫ్లాపీలో అది పట్టదు. రెండుసార్లు జాబితా ఆలస్యమైంది. ఒకసారి నేను హోటల్లో చాయ్ తాగుతున్నాను, ఇంకోసారి రెండో చాయ్ తాగుతున్నాను. మెమోలు మాత్రం రెండూ అనసూయ పేరు మీదే వచ్చాయి. మూడోసారి ఆలస్యమైతే కాంట్రాక్టు పొడిగించేది లేదని పైఆఫీసు రాసింది.

“సార్, మీ చాయ్ రెండుసార్లు నా మీదనే పడ్డది. ఇంకోపాలి పడితే నేను ఇగ ఇంట్ల కూసునుడే” అంది.

మూడో జాబితా పోవలసిన రోజునే మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్‌లో మా మేనమామ కూతురి పెళ్లి. సెలవు పెట్టక తప్పదు. అందుకని ముందురోజు సాయంత్రం నా సామ్రాజ్యాన్ని కొంచెం దానం చేశాను. ఏ డిస్కు ఎక్కడ జోడించాలో చెప్పే ఫైలు ఒకటి ఉంటుంది. అందులో పెన్‌డ్రైవ్ వరుసలో ‘యూజర్’ అనే ఒక్క మాట చేర్చాను. ఆ మాట ఉంటే మామూలు ఉద్యోగి కూడా మౌంట్ చేసుకోవచ్చు. అనసూయ చేత చేయించి చూశాను. ఎక్కింది, దిగింది. పెళ్లివారి వీధిలో ఉన్న ఎస్టీడీ బూత్ నంబరు ఎందుకైనా మంచిదని రాసిచ్చి, దానకర్ణుడిలా బస్సెక్కాను.

మర్నాడు పదకొండున్నరకు బూత్ అతను మరాఠీలో నా పేరు కేకేశాడు. ఫోన్లో గంగారాంగారు.

జరిగింది ఇదీ. వర్క్ ఇన్‌స్పెక్టర్ యాదగిరి కొత్తగా దొరికిన స్వేచ్ఛకు పొంగిపోయి, పొద్దున్నే తన పెన్‌డ్రైవ్ ఎక్కించి, వాళ్ల బావ కొన్న ట్రాక్టర్ ఫోటోలు అందరికీ చూపించాడు. తర్వాత దించకుండానే దాన్ని పీకి, జేబులో వేసుకుని, మోటారు సైకిల్ మీద రుద్రూర్ వైపు కాలువ చూడటానికి వెళ్లిపోయాడు. మనిషి దిగిపోయాడు గానీ యంత్రం లెక్కలో సీట్లో కూర్చునే ఉన్నాడు. అనసూయ డ్రైవ్‌కు చోటు లేదు. యాదగిరిది దించబోతే, దీన్ని యాదగిరి మాత్రమే దించగలడు అని తెర మీద వస్తోంది. పన్నెండున్నర బస్సుకు ఆమె బయలుదేరాలి.

తప్పు నాదేనని అప్పుడు వెలిగింది. ‘యూజర్’ అని రాస్తే ఎక్కించినవాడే దించాలి. ‘యూజర్స్’ అని రాస్తే ఎవరైనా దించవచ్చు. నేను ఒక ఎస్ మింగేశాను.

“స్విచ్ బంద్ జేస్తే పోదా?” అన్నారు గంగారాంగారు. మిగతా టెర్మినళ్ల మీద పని చేస్తున్నవాళ్లది పోతుందనీ, ఆ పాత డిస్కు తనను తాను పరీక్షించుకుని లేచేసరికి బస్సు బోధన్ దాటుతుందనీ చెప్పాను. మిగిలింది ఒకటే దారి. రూట్ పాస్‌వర్డ్.

మధ్యాహ్నం అన్నం తిన్నాక గంగారాంగారు ఫైలు మీద చెయ్యి ఆనించి కాసేపు కునుకు తీసేవారు. నేను సరదాకి పెట్టుకున్న పాస్‌వర్డ్, ఇంగ్లిషు అక్షరాల్లో, ‘గంగన్ననిద్ర’.

“ఫోన్ అనసూయకు ఇవ్వండి సార్” అన్నాను.

“తీగ గక్కడిదాక అందదు. నాకు చెప్పు, నేను ఒర్రుత, ఆమె కొడ్తది.”

అబద్ధం చెప్పవచ్చు. కానీ యంత్రం అబద్ధం ఒప్పుకోదు, అనసూయ ఉద్యోగం పోతుంది. ఒక్కొక్క అక్షరమే చెప్పడం మొదలుపెట్టాను. పక్కన లారీల హారన్లు. జీ, బీలా వినబడుతోందని ఊరి పేర్లు జోడించాను. ఆయన ఆఫీసంతా మార్మోగేలా అందుకున్నారు: “జీ, గాంధారి! ఏ, ఆర్మూర్! ఎన్, నిజామాబాద్!”

ఎనిమిదో అక్షరం అయ్యాక ఆయన ఆగారు.

“ఏందయ్యా, గిది నా పేరు లెక్కున్నది?”

“అవును సార్.”

“నా పేరు పెట్టుకున్నవా! గంత అభిమానమా!” ఆయన గొంతు నిజంగా మెత్తబడింది. భూమి చీలితే దూరిపోదామనిపించింది. “అయిపోయిందా, ఇంకేమన్న ఉన్నదా?”

“ఉంది సార్. ఇంకో అయిదు.”

“ఎన్, నిజామాబాద్! ఐ, ఇందల్వాయి! డీ, డిచ్‌పల్లి!” ఇక్కడ కొంచెం మందగించారు. “ఆర్... రుద్రూర్.” చివరిది నేను చెప్పనక్కర్లేకపోయింది. “ఆర్మూరే గద?” అని ఆయనే అడిగారు.

ఫోన్లో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గడం వినిపించింది. గంగారాంగారు మాత్రం అదే దఫ్తరు గొంతుతో “కొట్టినవామ్మా? తీసుకున్నదా?” అన్నారు. తీసుకుంది. దించే ఆజ్ఞ, ఎక్కించే ఆజ్ఞ చెప్పాను. రెండూ ఆయన పొల్లుపోకుండా అరిచారు. జాబితా డ్రైవ్‌లోకి వెళ్లింది, అనసూయ బస్సు అందుకుంది. ఆయన ఫోన్ పెట్టేశారు. పెళ్లి భోజనంలో ఏం వడ్డించారో నాకు గుర్తులేదు.

మర్నాడు వెళ్లగానే మొదట ఆ ఫైలు తెరిచి ‘యూజర్’ పక్కన ఎస్ చేర్చాను. తర్వాత ఆయన బల్ల ముందు నిలబడ్డాను. క్షమాపణ నోట్లో ఉండగానే ఆయన తలెత్తారు.

“నీ చాయ్‌కి ఆ పిల్లకు రెండు మెమోలొచ్చినయ్. నా నిద్రకు ఎవరికన్న ఒక్కటొచ్చిందా?”

రాలేదు. ఎంత వెతికినా ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆయన తెల్లకాగితం నా ముందుకు తోశారు. ఆ రెండు ఆలస్యాలూ నా వల్లనేనని రాసి సంతకం పెట్టాను. పైఆఫీసు మెమోలు వెనక్కి తీసుకుంది. అనసూయ కాంట్రాక్టు పొడిగించారు. నాకు ఒక మెమో వచ్చింది, అది న్యాయమే.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఎక్కడ పనిచేసినా రెండు పద్ధతులు పాటించాను. పదిమందికి రోజూ పడే పనిని ఒక్కడి చాయ్‌కి ముడిపెట్టలేదు. పాస్‌వర్డ్ ఎవరి ముందైనా గట్టిగా చదవగలిగేదే పెట్టాను. బాన్సువాడలో ఉన్నన్నాళ్లూ దాన్ని కాగితం మీద రాసి, కవరులో పెట్టి, గంగారాంగారి సొరుగులో ఉంచాలన్నది నియమం. కవరు అంటించే ముందు ఆయన కళ్లజోడు పెట్టుకుని, లోపలి కాగితం తీసి, ఒక్కొక్క అక్షరం ఊరి పేరుతో సహా పైకి చదివేవారు.