వాల్వుకు పెట్టిన క్లిప్పు

బండిలో ఉందామన్నది నేనే. ఈ ముక్క ముందే చెప్పేస్తే నా మీద ఎవరూ జాలిపడరు. అదే మంచిది.

ఐర్లండులో కిల్కెన్నీ అనే ఊరి ఆసుపత్రిలో డాక్టరుగా నా పోస్టింగు జులై నుంచి జనవరి రెండో వారం దాకా. ఆ తర్వాత కార్క్ నగరంలో. మేం అద్దెకున్న ఇంటిని ఓనరు అమ్మకానికి పెట్టి, సెప్టెంబరు కల్లా ఖాళీ చెయ్యమన్నాడు. మిగిలిన నాలుగు నెలలకు లీజు రాసిచ్చే పుణ్యాత్ముడు ఊళ్లో ఒక్కడూ దొరకలేదు. ఏ ఇల్లు చూడ్డానికి వెళ్లినా నాకంటే ముందొచ్చినవాళ్లు గేటు దాటి రోడ్డు మీద నిలబడి ఉండేవాళ్లు. మా ఆయన ఉద్యోగం డబ్లిన్ పక్కన క్లాండాల్కిన్‌లో. ఆఫీసుకు దగ్గరని నలుగురు మగవాళ్లతో కలిసి ఒక ఇంట్లో గది తీసుకున్నాడు. అక్కడ నాకు చోటు లేదు. సరిగ్గా అప్పుడే లోపలే వంటా మంచమూ ఉండే పాత మోటర్‌హోమ్ బండి ఒకటి అమ్మకానికుందని నా కంటబడింది.

"నాలుగు నెల్లే కదప్పా. దీంట్లోనే ఉండిపోతా" అన్నాను.

"సలికాలంల ఆ బస్సుల ఎట్ల ఉంటవే?" అన్నాడాయన. "ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం అంటరు సూడు, గట్లయితది మన బతుకు."

మర్కటం అన్న మాటకు నాకు రోషం పొడుచుకొచ్చింది. ఉండి చూపిస్తానన్నాను. మా వాట్సాప్ గుంపులో ఆ బండి ఫొటో పెట్టి, నాకు లీజూ వద్దు, ఓనరూ వద్దు అని రాశాను. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆ చప్పట్లే నా కొంప ముంచాయి.

ఊరికి నాలుగు మైళ్ల దూరంలో, వ్యవసాయం మానేసిన ఒక పెద్దాయన దొడ్లో, పాత ఆవుల కొట్టం గోడకు ఆనించి బండి నిలిపాం. గాలి తగలకుండా ఆ ఏర్పాటు. దాంతో ఎడమవైపు ముందు తలుపు గోడకు అతుక్కుపోయింది. కుడివైపు డ్రైవరు తలుపు లోపలి నుంచి తెరుచుకోదు, కొన్నప్పుడే అంత. ఇక మిగిలింది వెనక గదికున్న తలుపొక్కటే. అందులోంచి దిగి, నా చిన్న కారెక్కి డ్యూటీకి వెళ్లేదాన్ని.

సెప్టెంబరు సరదాగానే గడిచింది. అక్టోబరులో వానలు పట్టుకున్నాయి. రెండు అడుగులేస్తే వంట, మూడో అడుగుకు మంచం. చీర సంగతి దేవుడెరుగు, స్వెట్టరు విప్పాలన్నా మోచేతులు గోడకు తగిలేవి. అన్నం వండితే ఆ ఆవిరంతా కిటికీలకు పట్టి దిండు మీద కారేది. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఆ పెట్టెలో కూర్చుని గోడలకేసి చూస్తుంటే ఊపిరాడనట్టుండేది. ఆసుపత్రిలో రోజంతా జనానికి ధైర్యం చెప్పి వచ్చి, ఇక్కడ తలుపు వేసుకోవాలంటే భయమేసేది.

మా ఆయన రోజూ ఫోన్ చేసి, "ఇంకేంది, గ్రాండా?" అనేవాడు. బాగున్నావా అనడానికి ఈ దేశంలో అదే మాట.

"గ్రాండప్పా. నా బస్సులో రాణి మాదిరి ఉండాను."

ఆయనా అంతే. తన గది గ్రాండ్, మంచం గ్రాండ్, తోటివాళ్లు గ్రాండ్. వీడియోలో ఎప్పుడు చూసినా వెనకాల అదే నీలం కర్టెన్. "ఆ కర్టెన్ ఎనకాల ఏం దాచిపెట్టినావ్?" అని ఏడిపించేదాన్ని. కానీ లోలోపల ఉడుక్కునేదాన్ని. ఆయనకు గది ఉంది, కర్టెన్ ఉంది, నిలువునా ఒళ్లు విరుచుకునే చోటుంది. నాకు కావాల్సిందల్లా ఒక్కటే. నా వల్ల కావడం లేదన్న మాట నా నోటి వెంట రాకుండా జనవరి దాకా లాగడం. కింద పడ్డా పైచెయ్యి నాదేనని చిన్నప్పటి నుంచీ నాకు పేరు. ఆ పేరు పోగొట్టుకునే ధైర్యం లేకపోయింది.

డిసెంబరులో గట్టి చలి వస్తోందని, రోడ్ల మీద జాగ్రత్తని రేడియోలో చెప్పారు. ఆ శనివారం మా ఆయన వచ్చాడు. పెద్దాయన ఒక స్పానరు, రెండు బకెట్లు పట్టుకుని వచ్చి బండిలో ఉన్న నీళ్లన్నీ తీసేయాలన్నాడు. ఆయన ఆవులు పెంచిన రోజుల్లో మంచు పడే ముందు తొట్ల పైపులు ఇలాగే ఖాళీ చేసేవాడట. పైపులో నిలిచిన నీళ్లు గడ్డకడితే ఉబ్బుతాయి, ఉబ్బితే పైపు పగులుతుంది, అంతే సంగతి.

ముందు నీళ్ల మోటారు ఆపాం. ట్యాంకు అడుగున మూత తీస్తే నీళ్లన్నీ దొడ్లోకి పారాయి. తర్వాత వంటగదిలో, బాత్‌రూమ్‌లో కొళాయిలన్నీ తిప్పి వదిలేయమన్నాడు. షవరు గొట్టం కిందికి వేలాడదీయమన్నాడు. వదిలేసిన కొళాయిని అలాగే ఉంచాలట, చలికాలమంతా.

అది నా చేత కాలేదు. అనంతపురంలో మా వీధికి రోజు విడిచి రోజు నీళ్లు వచ్చేవి. బిందెలు, గంగాళం, ఆఖరికి చెంబులు కూడా నింపి పెట్టుకునేవాళ్లం. కారుతున్న కొళాయిని చూసీ చూడనట్టు పోయిన పిల్లకు ఆ రోజు వీపు విమానం మోతే. ఈ చేతులకు అదే అలవాటు. పెద్దాయన తిప్పిన కొళాయిని ఆయన వెనకే వెళ్లి నేను కట్టేస్తున్నాను. ఆయన వెనక్కి వచ్చి మళ్లీ తిప్పుతున్నాడు. మూడోసారికి మా ఆయనకు నవ్వాగలేదు.

"అనంతపురం పోరి. నీళ్లు ఇడువుమంటే పాణం ఇడువుమన్నట్టే జేస్తది."

"మూసుకోప్పా. మీ ఊరికి గోదారి ఉండాది, నీకేం తెలుస్తాది?"

చివరికి మంచం కింద పలక ఎత్తి, వేడినీళ్ల బాయిలరు పక్కనున్న చిన్న వాల్వు చూపించాడు పెద్దాయన. చలి బాగా ముదిరితే అది తనంతట తానే తెరుచుకుని బాయిలరులో నీళ్లన్నీ కిందికి వదిలేస్తుందట. "దీని జోలికి మాత్రం వెళ్లకు డాక్టర్. నీళ్లు పోతే మళ్లీ పట్టుకోవచ్చు. బాయిలరు పగిలితే అతకలేం" అన్నాడు. బయట ఉన్న పసుపుపచ్చ సిలిండరు కూడా ఈ చలికి పనికిరాదని, అందులో గ్యాసు గడ్డకట్టే చలిలో పైకి రాదని, చలికి తట్టుకునే ఎర్రది తెచ్చుకోమని చెప్పాడు. సరేనన్నాను. సగానికి పైగా గ్యాసున్న సిలిండరును ఎవరైనా పక్కన పెడతారా?

"మరి ఈ వారం నువ్వెక్కడ ఉంటావు?" అని పెద్దాయన అడిగాడు. "మా ఇంట్లో పైన మా చెల్లెలి గది ఖాళీగానే ఉంది."

"ఆసుపత్రిలో తెలిసినవాళ్లున్నారు. వాళ్లింటికి వెళ్తున్నా" అన్నాను. మా ఆయన కూడా అదే నమ్మి ఆదివారం మధ్యాహ్నం బస్సెక్కాడు.

తెలిసినవాళ్లున్న మాట నిజమే. గుంటూరు నుంచి వచ్చిన డాక్టరు దంపతులు, చంటిబిడ్డ. "నాలుగు రోజులు మీ హాల్లో పడుకోనా?" అని బస్టాపు దగ్గర కార్లోనే కూర్చుని మెసేజి రాశాను. వాళ్లున్న గుంపులోనే లీజూ వద్దు, ఓనరూ వద్దు అని రాసింది కూడా నేనే. తుడిచేశాను. మళ్లీ రాసి మళ్లీ తుడిచేశాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, నాకు ఆ రెండూ కలిపి ఒకటే గొయ్యి, అదీ నేను తవ్వుకున్నదే. పెద్దాయన కంటబడకుండా కారు కొట్టం వెనక పెట్టి, బండికే తిరిగి వచ్చాను.

కొళాయిలన్నీ కట్టి, దొడ్లోని పంపు నుంచి రెండు క్యాన్ల నీళ్లు మోసి ట్యాంకులో పోశాను. మోటారు వేయగానే బండి కింద చప్పుడు. వంగి చూస్తే నేను మోసుకొచ్చిన నీళ్లు మోసినట్టే నేలపాలవుతున్నాయి. ఆ వాల్వు తెరుచుకునే ఉంది. లోపల వెచ్చబడితేగాని మూసుకోదు, వెచ్చబడేదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఆ ధార చూస్తుంటే ఒళ్లు మండిపోయింది. తీగ మీద నుంచి ఒక బట్టల క్లిప్పు తీసి, వాల్వు మీట పైకి లేవకుండా దానికి తగిలించాను. ధార ఆగింది. ఏదో ఘనకార్యం చేసినట్టు టీ కూడా పెట్టుకున్నాను.

సోమవారం నైట్ డ్యూటీ. హీటరు సన్నగా పెట్టి వెళ్లాను. మంగళవారం పొద్దున తిరిగొచ్చి తలుపు తీస్తే లోపల బయటికంటే చల్లగా ఉంది. హీటరు ఆగిపోయి, దాని మీద ఎర్ర దీపం వెలుగుతోంది. సిలిండరును ఊపి చూస్తే బరువుగానే ఉంది. గ్యాసుంది, కానీ చలికి పైకి రావడం లేదు. మా ఊళ్లో అయితే సిలిండరు కింద వేడినీళ్ల గిన్నె పెట్టేవాళ్లం. వేడినీళ్లేవీ? కొళాయి తిప్పితే చుక్క రాలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేక, కోటు విప్పకుండానే రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నాను.

మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. ఆ రోజంతా మంచు కరగనే లేదు. రాత్రి ఎనిమిదికి మళ్లీ డ్యూటీ. బాత్‌రూమ్‌లో నీళ్లు లేవు, బయట చెట్ల మాటుకైనా వెళ్లాలి కదా అని తలుపు నెట్టాను. తెరుచుకోలేదు. భుజం పెట్టి నెట్టాను. నా ఊపిరి ఆవిరంతా తలుపు చుట్టూ రబ్బరుకు పట్టి, గడ్డకట్టి, తలుపును చట్రానికి అతికించేసింది. పిడి గట్టిగా లాగితే ప్లాస్టిక్కు ముక్క చేతిలోకి వచ్చింది. కిటికీలూ కదల్లేదు. ఇంకాస్త బలం పెడితే పగులుతాయేమోనని వదిలేశాను. వెలుతురు తగ్గిపోతోంది. అప్పుడు నిజంగా భయమేసింది. నలభై అడుగుల దూరంలో తన ఇంట్లో పెద్దాయన ఉన్నాడని తెలిసి కూడా ఫోను చేతిలో పట్టుకుని పదిహేను నిమిషాలు కూర్చున్నాను. పిలిస్తే అబద్ధం బయటపడుతుంది. సిగ్గుతో చస్తానా, చలితో చస్తానా అని ఆలోచించేంత మూర్ఖురాలిని నేను.

చివరికి ఫోన్ చేసి, "నేను బండిలోనే ఉన్నాను, బయటికి రాలేకపోతున్నాను" అన్నాను.

ఎందుకున్నావని ఆయన అడగలేదు. గోరువెచ్చటి నీళ్లు ఒక కెటిల్లో తెచ్చి తలుపు అంచుల వెంట మెల్లగా పోశాడు. రెండు కెటిళ్లకు తలుపు తెరుచుకుంది. పొడవాటి వైరు లాగి ఒక కరెంటు హీటరు లోపల పెట్టాడు. మంచం కింద పలక ఎత్తి చూశాడు. క్లిప్పు తీసి నా చేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"మా చెల్లెలి గది ఇంకా ఖాళీగానే ఉంది" అని మాత్రం అని, కెటిల్ తీసుకుని వెళ్లిపోయాడు.

హీటరు వేడికి అరగంటలో కిటికీల మీద మంచు కరగడం మొదలైంది. కాసేపటికి మంచం కింద టప్‌మని చప్పుడు. ఆ తర్వాత వరసగా చుక్కలు. తొంగి చూస్తే బాయిలరుకు ఒక పక్క జానెడు పగులు, అందులోంచి నీళ్లు సన్నని ధారగా నేల మీదికి వస్తున్నాయి. క్లిప్పు పెట్టి ఆపిన నీళ్లే అవి. నేను ఆపకపోతే ఆదివారమే మట్టిలో కలిసిపోయేవి, బండికి ఏమీ అయ్యేది కాదు.

సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోన్. టీ టైములో చేస్తాడు రోజూ.

"ఇంకేంది, గ్రాండా? వాళ్లిల్లు మంచిగున్నదా?"

గ్రాండ్ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది.

"లేదప్పా" అన్నాను. "నేను ఎవురింటికీ పోలేదు. బండిలోనే ఉండాను. బాయిలరు పగిలిపోయింది, నేనే పగలగొట్టినా. నా వల్ల కాలేదు. అక్టోబరు నుంచే కావట్లేదు. నీకు చెప్పేకి సిగ్గేసింది."

నవ్వుతాడనుకున్నాను. నేను ముందే చెప్పలేదా అంటాడనుకున్నాను.

"నేను గూడ మంచిగ లేనే" అన్నాడు. "ఆ రూమ్ల ఇంకొకడు దిగిండు. అక్టోబర్ సంది హాల్ల సోఫా మీదనే పంటున్న. ఆ కర్టెన్ హాల్ల కిటికీది. అందరు టీవీ బంద్ జేసిపోయినంక పండుకుంట. నీకెట్ల చెప్పాలె? నువ్వేమో బస్సుల రాణి లెక్క ఉన్ననంటివి."

అక్టోబరు నుంచి. ఆయన సుఖం చూసి నేను ఉడుక్కున్న అన్ని రోజులూ. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. అవతల ఆయన ముక్కు చీదడం కూడా వినిపించింది. ఫోన్ పెట్టేయడం ఇద్దరికీ చేతకాలేదు.

నీళ్లు చాప తడిపి, నా చెప్పుల కిందికి వచ్చి, గడప మీదుగా దొడ్లోకి పోతున్నాయి. ఆపడానికి నేను లేవలేదు.