స్క్రూ ముట్టని షిఫ్టు

జీఎస్టీ వచ్చిన ఏడు నన్ను తమిళనాడులోని కోవిల్‌పట్టి నూలు మిల్లు నుంచి, అదే యాజమాన్యం విరుదునగర్‌లో నడిపే నువ్వుల నూనె ప్యాకింగ్ యూనిట్‌కు నాణ్యతాధికారిగా బదిలీ చేశారు. నూలు చూసిన కళ్లకు నూనె ఏం తెలుస్తుందని అక్కడ కొందరు నవ్వుకున్నారు. నూలైనా నూనైనా నేను చూసేది హెచ్చుతగ్గులనే కాబట్టి పట్టించుకోలేదు.

నేను చేరేసరికి లీటరు ప్యాకెట్ల తూకం కుదరక పెద్ద కొనుగోలుదారు సరుకు తిప్పి పంపుతున్నాడు. మేనేజరు దృష్టిలో తప్పంతా ఫిల్లింగ్ మెషిన్ ఆపరేటర్ గురుసామిది. అతన్ని గోడౌన్ లోడింగుకు మార్చాలని నిర్ణయించాడు. గురుసామి విళాత్తికుళం వైపు పల్లెవాడు, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాడు, నాకంటే పెద్దవాడు, హెర్నియా ఆపరేషన్ అయినవాడు. పెట్టెలు మోయమంటే ఉద్యోగం మానుకోమన్నట్టే. నేను కొంత గడువు అడిగాను.

ఒక పూట పక్కన నిలబడి చూశాను. మనిషి బద్ధకస్తుడు కాదు, చిక్కంతా అక్కడే ఉంది. ప్యాకెట్ తూకం కాస్త తగ్గితే నూనె కొలత మార్చే స్క్రూ బిగించేవాడు, పెరిగితే వదులు చేసేవాడు. ఏ మెషినూ ప్రతిసారీ ఒకే తూకం పోయదు, కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగుకు ఇతని సవరణ కూడా తోడై తేడా ఇంకా పెరిగేది.

మర్నాడు షిఫ్టంతా స్క్రూ ముట్టవద్దని చెప్పాను. మేనేజరు ముందు "సరి సార్" అని తమిళంలో అంటూ తలూపాడు. ఆయన అటు వెళ్లగానే ఇంటి తెలుగులో నామీద విరుచుకుపడ్డాడు.

"ఏమి తంబీ, నన్ను సుమ్మా నిలబడమంటావా? సుమ్మా నిలబడేవానికి సంబళం ఎవురిస్తారు?"

సుమ్మా అంటే ఊరికే. మా వైపు కష్టపడేవాణ్ని అంతకంటే నొప్పించే మాట లేదు.

చేతులు వెనక్కి కట్టుకుని, మొహం ముడుచుకుని నిలబడ్డాడు. నేను అరగంటకోసారి ఐదు ప్యాకెట్లు తూచి, వాటి సగటును గీతల కాగితం మీద చుక్కగా పెట్టాను. ఆ తూకాల నుంచే పై హద్దు, కింది హద్దు లెక్కగట్టాను. ఇవి కొనుగోలుదారు పెట్టే హద్దులు కావు, మెషిన్ తనంతట తాను ఎంత ఊగుతుందో చెప్పేవి. చుక్కలన్నీ లోపలే ఉన్నాయి, తూకమూ కుదిరింది. నాకు పట్టరాని సంతోషమైంది.

చార్టు చూసి మేనేజరూ సంతోషించాడు. ముట్టకుంటేనే బాగుంటే ఇక ఆ మెషిన్‌కు మనిషెందుకు, లోడింగుకే పంపుదాం అన్నాడు.

హద్దు గీత మీద వేలు పెట్టి, చుక్క దీన్ని దాటినా, వరసగా ఒక పక్కకే జారినా మెషిన్ ఆపి కారణం వెతికేదెవరని అడిగాను. అలా ఎప్పుడవుతుంది అన్నాడు. తెలియదు, అందుకే మనిషి కావాలన్నాను. అయిష్టంగానే ఒక నెల ఒప్పుకున్నాడు.

ఆ నెల తిరక్కముందే చుక్కలు కిందికి జారడం మొదలైంది. స్క్రూ బిగిస్తే ఆ పూటకు గడిచిపోయేది. గురుసామి దాని జోలికి పోలేదు. మెషిన్ ఆపి, నాజిల్ విప్పి, అరిగిపోయిన వాషరు తెచ్చి మేనేజరు బల్ల మీద పెట్టాడు. గోడౌన్ మాట మళ్లీ రాలేదు.

తర్వాత నేను ఎక్కడ చార్టు పెట్టినా, గీతలు గీయకముందే, హద్దు దాటితే మెషిన్ ఆపే అధికారం ఎవరిదో ఆ మనిషి పేరు పైన రాయించేవాణ్ని. పేరు రాయడానికి ఒప్పుకోని చోట చార్టు పెట్టలేదు.