తాండూరుకు తిరిగి తీసుకెళ్ళిన స్టీలు డబ్బా

ప్రతి నెలా చివర్లో ఇక్కడ 'ఈ నెల నచ్చినవి' అని రాస్తుంటాను. రెండు పుస్తకాలు, ఒక టారో కార్డుల కట్ట, నాలుగైదు చిన్న సుఖాలు. ఏడాదిగా ఆ జాబితాలు చప్పగా ఉంటున్నాయని ఇద్దరు ముగ్గురు పాఠకులు మొహమాటం లేకుండా రాశారు. నిజమే. ఆ జాబితా నేను మీకోసం మొదలుపెట్టింది కాదు, నా స్నేహితురాలు రేణుక కోసం. తనకి చెప్పగా మిగిలిందే మీకు వచ్చేది. పద్నాలుగు నెలలుగా మా మధ్య మాటల్లేవు. అందుకే నవంబరు చివరి ఆదివారం పొద్దున తాండూరు ప్రయాణం కట్టాను. ఈసారి జాబితా బదులు ఆ ప్రయాణమే రాస్తున్నాను. దారి వివరాలు మధ్యమధ్యలో వస్తాయి, వెళ్ళాలనుకునేవాళ్ళు ఏరుకోండి.

రేణుకది తాండూరు. అక్కడ యాలాల్ వెళ్ళే రోడ్డు మీద వాళ్ళ నాన్నకి నాపరాళ్ళు పాలిష్ పట్టే యూనిట్ ఉంది. తను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది. నేనుండేది లింగంపల్లిలో. హాస్టల్లో ఒకే గదిలో ఉన్నాం. చదువయ్యాక తను ఊరెళ్ళిపోతే ఒక పద్ధతి పెట్టుకున్నాం. నెలాఖరు ఆదివారం చెరో రైలెక్కి, మధ్యలో వికారాబాద్ స్టేషన్లో దిగాలి. చెరో గుడ్డ సంచి, అందులో ఆ నెల నచ్చినవన్నీ. ప్లాట్‌ఫాం చివర వేపచెట్టు కింద బెంచీ మీద ఒక్కొక్కటీ తీసి, ఎందుకు నచ్చిందో చెప్పుకుని, సంచులు మార్చుకుని, ఎవరి రైలు వాళ్ళు ఎక్కేయాలి. ఇలా నాలుగేళ్ళు నడిచింది. జ్వరం వచ్చినప్పుడు కూడా దుప్పటి కప్పుకుని వెళ్ళాను.

గొడవలో తప్పు నాది. ముందే చెప్పేస్తున్నాను, మళ్ళీ చివరి దాకా దాచి ఇంకో తప్పు ఎందుకు. ఒక ఆదివారం ఆ బెంచీ మీద రేణుక అడిగింది, బెంగళూరులో పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళు ఉద్యోగానికి పిలిచారు, వెళ్ళనా వద్దా అని. కార్డు తీయమంది. మా పద్ధతిలో అడిగినవాళ్ళు కార్డులు కలుపుతారు, రెండోవాళ్ళు ఒకటి తీసి ముందు తాము చూసి తర్వాత చూపిస్తారు. నేను తీస్తే రథం వచ్చింది. దాని అర్థం కొత్తగా నేర్చుకునేవాళ్ళకి కూడా తెలుసు, బయల్దేరమని. తను వెళ్ళిపోతే నాకు ఈ బెంచీ ఉండదు, నెలాఖరు ఉండదు. చాయ్ అమ్మే అతను వస్తే రేణుక అటు తిరిగిన క్షణంలో, రథాన్ని ఒడిలో ఉన్న పుస్తకంలోకి తోసేసి ఇంకో కార్డు తీశాను. తలకిందులుగా వేలాడే మనిషి. ఆగమని అర్థం. రేణుక ఆగిపోయింది. బెంగళూరు వాళ్ళకి రానని చెప్పేసింది.

ఇక్కడే నా తెలివి చూడండి. ఆ పుస్తకంలో ఏం దాచానో మర్చిపోయి, మరుసటి నెల అదే పుస్తకాన్ని నచ్చినవాటిలో కలిపి తన సంచిలో వేశాను. మూడో రోజు 'కార్డు దొరికింది' అని ఒక మెసేజ్ వచ్చింది. అంతే. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

అప్పటి నుంచి రేణుక వాళ్ళింటి స్టీలు డబ్బా ఒకటి నా వంటింట్లో ఉండిపోయింది. కంది పొడితో వచ్చిన డబ్బా, మూత మీద వాళ్ళమ్మ పేరు ఈశ్వరమ్మ అని చెక్కి ఉంటుంది. ఏదో ఒకటి పెట్టి వచ్చిన గిన్నెని ఖాళీగా తిరిగివ్వకూడదని మా ఇంట్లోనూ నేర్పారు. కానీ ఏం పెట్టి ఇవ్వాలి? అబద్ధం చెప్పినదానికి సరిపోయే పిండివంట ఏది? దీపావళికి అలమర సర్దుతుంటే అది మళ్ళీ చేతికొచ్చింది. ఈసారి లోపల పెట్టబుద్ధి కాలేదు. తనకిష్టమని నువ్వుల లడ్డూలు చేసి నింపాను. సంచిలో ఈ నెల నచ్చినవి కూడా వేశాను. చెరువు పక్షుల మీద పల్చటి పుస్తకం ఒకటి, ఎవరో వంటమనిషి రాసుకున్న జ్ఞాపకాలు, నల్ల సిరా పెన్ను, ఎండలో ఆరేసి తీసి మడిచిన తలగడ గలీబు. ఆ ఎండ వాసన తాండూరు దాకా నిలుస్తుందో లేదో తెలియదు. డెబ్బై ఏడు కార్డులే ఉన్న నా పాత కట్ట కూడా వేసుకున్నాను.

లింగంపల్లిలో ఏడు దాటాక ఉన్న రైలెక్కాను. జనరల్ టికెట్ యాభై లోపే, ఆదివారం కిటికీ పక్కన చోటు దొరికింది. శంకర్‌పల్లి దాటేసరికి ఎదుటి సీటు పెద్దమ్మ నా సంచిలోకి తొంగి చూడటం మొదలుపెట్టింది. ఆవిడది బంట్వారం దగ్గర పల్లెటూరట, గొర్ల మంద ఉన్న ఇల్లు. సిటీలో కూతురి దగ్గర నాలుగు రోజులుండి వెళ్తోంది.

"గవేంది బిడ్డా, పేకముక్కలా?"

"కాదు పెద్దమ్మా, టారో కార్డులు. ఏదైనా అడిగి ఒకటి తీస్తే దారి చెప్తాయంటారు."

"గట్లనా! అయితే జర అడుగు. నేను లేని నాలుగొద్దులు మా ముసలోడు గొర్లను మంచిగ మేపిండా, పండుకున్నడా?"

పద్నాలుగు నెలలుగా నేను ఎవరికీ కార్డు తీయలేదు. ఒకటి తక్కువైన కట్టతో తీయకూడదని పైకి చెబుతుంటాను. అసలు సంగతి, నా చేతి మీద నాకే నమ్మకం పోయింది. ఆవిడ నా జవాబు కోసం ఆగకుండా తనే చెయ్యి పెట్టి ఒకటి లాగింది. చేతులు జోడించి వెల్లకిలా పడుకున్న మనిషి బొమ్మ. సర్దిచెబుదామా అనుకుని మానేశాను.

"పడుకునే ఉన్నాడు పెద్దమ్మా."

"నాకెర్కనే!" అని ఆవిడ బోగీ అంతా వినబడేలా నవ్వింది. "ముక్కలు మంచియే. ఉన్నదున్నట్టు జెప్తున్నయి."

నేను కూడా నవ్వాను, కానీ ఆ మాట గుచ్చుకుంది.

ఎనిమిదింపావుకి వికారాబాద్. నా టికెట్ తాండూరు దాకా ఉంది, కాళ్ళు మాత్రం అలవాటుగా దిగిపోయాయి. అలవాటు కాదులెండి, భయం. పెద్దమ్మ బస్టాండు వైపు వెళ్ళిపోయింది, రైలు కూడా కదిలింది. నేను వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చున్నాను. ఖాళీగా ఉన్నా కుడివైపు చివరే కూర్చున్నాను, ఎడమవైపు రేణుకది. స్టేషన్ బయట సీతాఫలాలు గంపల్లో పెట్టి అమ్ముతున్నారు, అనంతగిరి వైపువి, సీజను చివరివి కాబట్టి చిన్నవి. నాలుగు కొన్నాను. ఒక చాయ్ తాగి, ఇంకో చాయ్ తాగి, ఇంటికెళ్ళే రైలు ఎన్నింటికో కూడా చూశాను. నాకు రేణుక కావాలి. కార్డులూ పుస్తకాలూ కాదు, 'ఇదెందుకు నచ్చిందే నీకు' అని కనుబొమలు ముడిచి అడిగే ఆ మనిషి కావాలి. ఆ సంగతి ఆ బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చుంటే గాని పూర్తిగా అర్థం కాలేదు. లేచి షేర్ ఆటోలో బస్టాండుకి వెళ్ళాను.

వికారాబాద్ నుంచి తాండూరుకు బస్సులకి కొదవ లేదు, గంటా పావు పడుతుంది. ఆడవాళ్ళు ఆధార్ చూపిస్తే చాలు, సున్నా టికెట్ ఇస్తారు. ధారూర్ దాటాక కాసేపు చెట్లు, ఆ తర్వాత అంతా కంది చేలు. ఈ రోజుల్లో పసుపు పూత మీదుంటాయి. తాండూరు దగ్గర పడుతుంటే రోడ్డుకి రెండు వైపులా పేర్చిన నాపరాళ్ళు, రాతిపొడి పట్టి తెల్లబడ్డ చెట్లు. నాలుగేళ్ళు తనతో అంత స్నేహం చేసి ఈ దారి నేను ఒక్కసారీ చూడలేదు. ఎప్పుడూ సగం దాకే వచ్చాను.

బస్టాండు ముందు ఒక ఆటో అతను ఫోన్లో కన్నడంలో ఎవరినో బషీరాబాద్ రమ్మంటున్నాడు. పెట్టేసి నా వైపు తిరిగాడు. యాలాల్ రోడ్డులో పాలిషింగ్ యూనిట్‌కి వెళ్ళాలన్నాను.

"యాలాల్ రోడ్డా? ఏ పాలిషింగు మేడం? గాడ మస్తుగున్నయి."

"నీలం గేటు. గేటు మీద గొడుగు పట్టుకున్న ఏనుగు బొమ్మ ఉంటుంది."

"గా బొమ్మల గేటా! ముందుగాలనే జెప్పొద్దా? కూసోండి."

ఎనభై తీసుకున్నాడు. రేణుక వేసిన ఆ ఏనుగును ఫోటోలో ఎన్నోసార్లు చూశాను. అది ఇంత పెద్దదని అనుకోలేదు.

తలుపు తీసింది ఈశ్వరమ్మ గారు. ఆవిడ నా ముఖం చూడలేదు, చేతిలోది చూసింది.

"అరె, నా డబ్బా! ఏడాదాయె ఎతుకుడు. అంటే నువ్వు మాధవివా?" అంటూ చెయ్యి పట్టి లోపలికి లాగింది. "మీ నడుమ ఏమైందో మా పిల్ల ఎన్నడు జెప్పది. నేను అడుగ. ముందుగాల రొట్టె తిను."

రేణుక వెనక గదిలోంచి వచ్చింది, వేళ్ళకి ఆకుపచ్చ రంగు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎట్లొచ్చినవ్?"

"బస్సులో."

"ఆధార్ తెచ్చుకున్నవా?"

తెచ్చుకున్నానన్నాను. పద్నాలుగు నెలల తర్వాత మేం మాట్లాడుకున్నది ఇదీ. జొన్నరొట్టె, పుంటికూర, కందిపప్పు, ఈశ్వరమ్మ గారు కొసరి కొసరి వడ్డించింది. తాండూరు పప్పు త్వరగా ఉడుకుతుందనీ కమ్మగా ఉంటుందనీ అందరూ చెప్పేదే, నిజమే.

తిన్నాక యార్డులోకి వెళ్ళి పేర్చిన బండల మీద కూర్చున్నాం. ఆదివారం కాబట్టి మెషీన్లు ఆగి ఉన్నాయి.

"తప్పు చేశాను రేణూ," అన్నాను. దారి పొడుగునా పెద్ద మాటలు తయారుచేసుకున్నాను, అవేవీ రాలేదు. "నువ్వు వెళ్ళిపోతావని భయపడ్డాను. అందుకే దాచాను."

"కార్డును నమ్మి ఆగలేదే నేను. నువ్వు జెప్తున్నవని ఆగిన." తను చేతి మీది రంగు గీకుతూనే ఉంది. "పిరికిదాన్ని గావట్టి ఆగిన్నేమోనని నన్ను నేనే తిట్టుకున్న. జూస్తే పిరికిదానివి నువ్వు."

"అవును."

 తర్వాత, "గా బెంగళూరోళ్ళు మల్ల పిలిచిండ్రు. డిసెంబర్ల రమ్మంటున్నరు. ఇంకా నేనేం జెప్పలే," అంది. లోపలికి వెళ్ళి రథం కార్డు తెచ్చింది. మూలలు నలగకుండా దాచింది. నా సంచిలోంచి కట్ట తీసి, అందులో దాన్ని కలిపి, బాగా కలిపి నా ముందు పెట్టింది. "డెబ్బై ఎనిమిదైనయి. ఇప్పుడు తియ్యి."

తీశాను. ఈసారి ముందు నేను చూడలేదు, నేరుగా బండ మీద బొమ్మ పైకి ఉండేలా పెట్టాను. తలకిందులుగా వేలాడే మనిషి. ఆగు.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఒక్క క్షణం నా గుండె సంబరపడింది. ఈసారి అబద్ధం ఆడే పని కూడా లేదు. నోరు మూసుకుంటే చాలు. రేణుక కార్డు వైపు కాదు, నా వైపే చూస్తోంది.

"కార్డు ఆగమంటోంది," అన్నాను. "నేను వెళ్ళమంటున్నాను. వెళ్ళు."

 తను చేత్తో కళ్ళు తుడుచుకుంది, చెంప మీద ఆకుపచ్చ రంగు అంటింది. "గీ మాట గప్పుడే అనుంటే అయిపోతుండె గదనే," అంది. ఆ తర్వాత సంచి లాక్కుని గలీబు తీసి వాసన చూసి, కనుబొమలు ముడిచింది. "ఇదెందుకు నచ్చిందే నీకు?"

ఇక సాయంత్రం దాకా పద్నాలుగు నెలల నచ్చినవన్నీ చెప్పుకున్నాం. తను తన చేత్తో ఒక టారో కట్ట గీస్తోంది, రాజులకి బదులు రాళ్ళు కొట్టేవాళ్ళు, రాణులకి బదులు కంది చేలో ఆడవాళ్ళు. ఇంకా పూర్తి కాలేదు. వాన పడ్డ మొదటి రోజు తడిసిన నాపరాయి రంగు తనకి ఈ ఏడాది అన్నిటికన్నా నచ్చిందట. నేను తెచ్చిన సీతాఫలాలు నాలుగూ తనే తినేసింది.

ఐదు దాటాక ఉన్న రైలుకి స్టేషన్ దాకా తనే బండి మీద దింపింది. రైలెక్కాక కిటికీలోంచి స్టీలు డబ్బా అందించింది. లడ్డూలు ఇంట్లో తీసిపెట్టుకుని, డబ్బా కడిగి, నిండా కందిపప్పు పోసి ఇచ్చారు.

"ఇది మీదే కదా! తిరిగివ్వడానికే తెచ్చాను."

"ఎర్కనే," అంది. "బెంగళూరు అడ్రస్ పంపుత."

రథం కార్డు మాత్రం తనే ఉంచుకుంది, నేనే ఉంచుకోమన్నాను. నా కట్టలో మళ్ళీ డెబ్బై ఏడే. ఈసారి ఆ వెలితి నాకు బాగానే ఉంది. వికారాబాద్‌లో రైలు రెండు నిమిషాలు ఆగింది. ఒళ్ళో డబ్బా పట్టుకుని కిటికీలోంచి మా బెంచీ వైపు చూశాను, చీకట్లో వేపచెట్టు తప్ప ఏమీ కనబడలేదు. వచ్చే నెలాఖరుకి నేను అక్కడ దిగను. ఆ ఆదివారాలు ఇక రావు. కానీ ఇన్నాళ్ళూ నేను పట్టుకుని వేలాడింది ఆ బెంచీని. కావలసిన మనిషి రైల్లో ఇంకో యాభై నిమిషాల దారిలో ఉండేది.

వెళ్ళేవాళ్ళకి ఒక చిట్కా. వికారాబాద్ స్టేషన్లో రైలు కోసం ఆగాల్సి వస్తే, ప్లాట్‌ఫాం చివరి దాకా నడవండి. వేపచెట్టు కింది బెంచీ మీద పదింటి దాకా నీడ ఉంటుంది, ఇద్దరికి సరిపోతుంది. ఇక నుంచి అది ఖాళీయే.