చెవిన పడని కబురు

మలేషియాలోని బత్తుమలై గుహ గుడికి మెట్లు రెండు వందల డెబ్భై రెండు. వాటి కింద, తోరణానికి ఇవతల, ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అంజలై ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటోంది. ఆవిడ పని చెప్పడం తేలిక. నిక్కర్లతో వచ్చిన ఆడవాళ్ళని ఆపాలి, మోకాళ్ళు కనపడకుండా నడుముకి ఒక అద్దె బట్ట చుట్టాలి, దిగి వచ్చాక ఆ బట్ట విప్పి తీసుకోవాలి. జర్మనీ వాళ్ళకైనా కొరియా వాళ్ళకైనా ఆవిడ వేసే ముడి ఒకటే, ఎంత ఎత్తు ఎక్కినా జారదు. ఎక్కడెక్కడి వాళ్ళో ఆ బట్ట కట్టుకుని, ఒకళ్ళనొకళ్ళు చూసి నవ్వుకుంటూ గుహలోకి వెళ్ళి దేవుణ్ణి చూసి వస్తారు. కట్టిన మనిషి మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క మెట్టు ఎక్కలేదు.

కాళ్ళు లేక కాదు. దాయాదులు ఎక్కువై.

కూతురు కవిమలర్‌కి నాలుగేళ్ళు వచ్చినా నోట మాట రాలేదు. ఆ రోజుల్లో అంజలై ఇక్కడికే వచ్చి, మొదటి మెట్టు ముందు కొబ్బరికాయ కొట్టి, పిల్ల మాట్లాడితే పాలకుండ నెత్తిన పెట్టుకుని కొండెక్కుతానని పైనున్న మురుగన్ స్వామికి మొక్కుకుంది. నెల తిరగకుండా పిల్ల "టీ" అంది. ఇంటిల్లిపాదీ ఏడ్చి, పిల్లకి గ్లాసుడు టీ ఇచ్చారు. ఆ తరవాత కవి నోరు మూసిన పూట లేదు. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది, ఎందుకంటే ఆ వారమే అంజలై మామగారు పోయాడు.

వాళ్ళ వంశంలో ఎవరు పోయినా కొండ గుడికి ఏడాది వెళ్ళకూడదు. సొంత ఇంట్లో మనిషే కానక్కర్లేదు, దాయాది అయితే చాలు. ఆ దాయాదులు ఒకరా ఇద్దరా? రబ్బరు తోటకి వచ్చిన అయిదుగురు అన్నదమ్ముల సంతానం, క్లాంగ్ నుంచి ఈపో దాకా నలభై ఇళ్ళు. ఏడాది నిండేలోపు ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు కన్నుమూసేవారు. ఒకసారి పదకొండు నెలల ఇరవై రోజులు గడిచాక, ఎన్నడూ మొహం చూడని ఒక పెద్దాయన తైపింగ్‌లో జారిపడి పోయాడు. అంజలై ఆయన కోసం ఏడ్చినంతగా ఆయన పెళ్ళాం కూడా ఏడ్చి ఉండదు. ఒక్క సంవత్సరం మాత్రం అందరూ బతికే ఉన్నారు. ఆ సంవత్సరం రోగం వచ్చి గుళ్ళన్నీ మూసేశారు.

ఈ చావు కబుర్లన్నీ మోసేది అంజలై తోడికోడలు పాపాత్తి. క్లాంగ్‌లో ఉంటుంది. ఫోన్ చేస్తే బాగున్నావా అని అడగదు. "ఒసే అంజలా, కూర్చున్నావా?" అంటుంది. ఆ మాట వినపడగానే అంజలై ఏడాదిని మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టుకుంటుంది. పాపాత్తి చెడ్డది కాదు. వంశంలో ఎవరు పోయినా అందరికీ తనే చెప్పాలని, ఎవరూ తెలియక మైలతో గుడి తొక్కి పాపం మూటగట్టుకోకూడదని ఆవిడ పట్టుదల. మంచి మనసుతోనే అంజలైని ఇన్నేళ్ళు ఆ కుర్చీకి కట్టేసింది.

ఇప్పుడు కవి కూతురు యాళినికి మూడున్నరేళ్ళు. పిలిస్తే పలుకుతుందా అంటే, తిరిగి చూస్తుంది. అన్నీ వింటుంది, అన్నీ అర్థం చేసుకుంటుంది, ఒక్క మాట అనదు. డాక్టరు తొందరేమీ లేదన్నాడు. కవి అత్తగారికి మాత్రం తొందరగానే ఉంది. "అమ్మమ్మ మొక్కు ఎగ్గొడితే మనవరాలి నోరు కట్టేశాడు స్వామి," అని వచ్చిన వాళ్ళందరికీ చెబుతోంది. అంజలై ఆ మాటకి కోపం తెచ్చుకోలేదు. తను కూడా అదే అనుకుంటోంది మరి.

అందుకే ఈసారి వదలదలచుకోలేదు. ఆఖరి మైల వదిలాక నలభై ఎనిమిది రోజులు ఒంటిపూట తిని, నేలమీద పడుకుంది. తైపూసం పండగ జనంలో తన మోకాళ్ళు ఆడవని, వారం ముందే మంగళవారం ఎక్కేస్తానని రోజు పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే మామగారి ఆఖరి తమ్ముడు, తొంభై ఒక్కేళ్ళ సబాపతి తాత, ఆసుపత్రిలో చేరాడు.

అంజలై కింది గుడి పూజారి దగ్గరికి వెళ్ళి అడిగింది. "పోయిన సంగతి తెలీకపోతే మైల ఉంటుందా సామీ?"

"చెవిన పడితేనే మైల. పడనంతవరకూ లేదు," అన్నాడాయన. ఎందుకు అడుగుతోందో ఆయనకి తెలుసు.

ఆ సాయంత్రమే ఫోన్ ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టేసింది. లారీ వేసుకుని జొహోర్ వెళ్ళిన మొగుడికి కూడా, "వదిన ఫోన్ చేస్తే ఎత్తకు, నీకు పుణ్యం ఉంటుంది," అని చెప్పి పంపించింది. నాలుగు రోజులు ఎవరైనా గట్టిగా పిలిచినా ఉలిక్కిపడింది.

మంగళవారం పొద్దున్న ఎనిమిదింటికి పసుపుపచ్చ చీర కట్టుకుని అంజలై తన కుర్చీ పక్కనే నిలబడింది. కవి రవాంగ్ నుంచి పిల్లని తీసుకుని వచ్చింది. పూజారి కుండలో పాలు పోసి, మూతికి పసుపు గుడ్డ కట్టి, వేపమండలు పెట్టి ఇచ్చాడు. కవి కుండ పట్టుకుంది. అంజలై నెత్తిమీద గుడ్డ చుట్ట సర్దుకుంటోంది.

"అమ్మా, అటు తిరక్కు," అంది కవి.

"ఎవరే?"

"పెద్దమ్మ. స్టేషన్లోంచి వస్తోంది."

అంజలై తిరిగి చూడనే చూసింది. పావురాల మధ్యలోంచి గొడుగు ఊపుకుంటూ పాపాత్తి వస్తోంది. ఫోన్ కలవకపోతే మనిషే బయలుదేరుతుందని అంజలైకి తట్టలేదు. కుండ ఎత్తుకుంటే పరిగెత్తడానికి లేదు, అడుగులో అడుగు వేసుకుంటూ నడవాలి. నాలుగు మెట్లు ఎక్కేలోపు ఆ గొంతు వెనకనుంచి అందుకుంటుంది.

అప్పుడే లియోంగ్ తన గుంపుని మెట్లవైపు తోలుకుపోతున్నాడు. అతను పన్నెండేళ్ళుగా రోజూ బస్సు నిండా పర్యాటకుల్ని తెస్తున్న గైడు. ఈ మైల గొడవంతా అతనికి కంఠతా వచ్చు.

"ఎవరు, ఆ చావు కబుర్ల అక్కేనా?" అన్నాడు.

"అవునయ్యా. ఎక్కడన్నా దాచు నన్ను."

"దాచడం దేనికి ఆంటీ? టూరిస్టుగా రా. టూరిస్టుకి మైలేంటి, మడేంటి." తన గుంపువాళ్ళకి అంటించే నారింజరంగు బిళ్ళ ఒకటి తీసి ఆవిడ భుజానికి అంటించాడు. గుంపులో ఒక ముసలావిడ టోపీ అడిగి తీసుకుని అంజలై నెత్తిన పెట్టాడు.

అంజలై తన సంచిలోంచి ఒక అద్దె బట్ట లాగి పసుపు చీర మీద చుట్టుకుంది. ఇన్నేళ్ళూ పరాయివాళ్ళకి వేసిన ముడి మొదటిసారి తనకి వేసుకుంది. సిగ్గుతో ఒళ్ళు కుంచించుకుపోయింది. "ఆవిణ్ణి ఎలాగో పంపించి, కుండ తీసుకుని పైకి రా," అని కవితో చెప్పి గుంపులో దూరింది.

ముప్ఫయ్యో మెట్టు దగ్గర వెనక్కి చూసింది. పాపాత్తి తోరణం దగ్గరే ఆగిపోయింది. ఆవిడకి కబురు తెలుసు కదా, మెట్టు తొక్కకూడదు. తొక్కడం లేదంటేనే సంగతి తెలిసిపోవాలి. అంజలై చప్పున తల తిప్పేసుకుంది. చూసింది అంతే, విన్నది ఏమీ లేదు అని తనలో తనే వాదించుకుంది. రెండోసారి చూసేసరికి పాపాత్తి గొడుగు వేసుకుని, అంజలై కుర్చీలోనే దర్జాగా కూర్చుంది.

పైకి చేరేసరికి మోకాళ్ళు మంటలెత్తాయి. గుహలో చల్లగా, తడిగా ఉంది. ఎక్కడో నీళ్ళు చుక్కలు పడుతున్నాయి. లియోంగ్ వేలు చూపిస్తూ తన పాఠం చెబుతున్నాడు, గుంపు తలలెత్తి ఫోటోలు తీసుకుంటోంది. అంజలై వాళ్ళతోపాటు తల ఎత్తింది. చేతులతో మాత్రం నడుముకి చుట్టిన బట్టని గట్టిగా పట్టుకుంది. దండం పెడితే భక్తురాలైపోతుంది. కుండ లేకుండా, నెత్తిన టోపీ పెట్టుకుని, ఆ మొహంతో మురుగన్‌కి కనపడటం ఆవిడకి ఇష్టం లేదు. ఇరవై మూడేళ్ళు కలలో చూసిన చోట పరాయిదానిలా నిలబడింది.

టోపీ ఇచ్చిన ముసలావిడ ఏదో అడిగింది.

"ఇక్కడికి మొదటిసారి వచ్చారా అంటోంది ఆంటీ," అన్నాడు లియోంగ్.

"అవునని చెప్పు."

గుంపు దిగే వేళయింది. అంజలై టోపీ ఇచ్చేసింది. తను దిగడానికి లేదు, కింద పాపాత్తి ఉంది. దేవుడి ముందుకి వెళ్ళడానికి లేదు, చేతిలో కుండ లేదు. కోతి ఒకటి వచ్చి కొంగు పట్టుకు లాగితే దాన్ని అదిలించే ఓపిక కూడా లేక గోడకి చేరగిలబడింది. కిందైతే కనీసం కుర్చీ ఉండేది.

అరగంట తరవాత కవి వచ్చింది. పెళ్ళయి వేరే ఇంటిదైంది కాబట్టి పుట్టింటి దాయాది మైల కవికి లేదు. చంకలో కుండ, వెనక కొంగు పట్టుకుని యాళిని. కవి రొప్పుతోంది గాని మాట్లాడటం లేదు.

"ఏమంది పెద్దమ్మ?" అడగకూడనిది అడిగేసి అంజలై నాలిక కరుచుకుంది.

"ఏమీ అన్లేదు."

"ఏమీ అనకుండా ఉందా పాపాత్తి?"

కవి పెదాలు బిగించి తల అడ్డంగా ఊపింది. మాటలు వచ్చిన ఇన్నేళ్ళకి కవి నోరు మూసుకోవడం అంజలై ఇప్పుడే చూస్తోంది. ఏ నోరు తెరిపించడానికి మొక్కిందో ఆ నోరు మూసి ఉంటేనే మొక్కు తీరుతుంది. అంజలైకి అంతా అర్థమైంది. అర్థం కావడం వేరు, వినడం వేరు అనుకుంది. పూజారి చెప్పింది చెవి గురించే గాని బుర్ర గురించి కాదు.

అద్దె బట్ట విప్పేసింది. బిళ్ళ పీకేసింది. "ఎత్తు," అంది. కవి కుండ ఎత్తి తల్లి నెత్తిన పెట్టింది. కింది మెట్లన్నీ కూతురు మోసింది, గర్భగుడికి పోయే ఆ కాసిని మెట్లయినా తను మోస్తుంది. ఆ మాత్రం తేడా మురుగన్ సర్దుకోలేడా? ఎదురుగా గుహ కప్పులోంచి వెలుగు పడుతోంది. దాని కింద చిన్న గుడి, దీపం. అంజలై ఒక మెట్టు ఎక్కింది. రెండో మెట్టు ఎక్కింది. చెంపల మీదుగా నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోడానికి చేతులు ఖాళీగా లేవు.

పాపాత్తి కింద కూర్చుని, పూలమ్మేవాళ్ళకీ కొబ్బరికాయలవాళ్ళకీ వచ్చేపోయేవాళ్ళకీ ఆ అరగంటసేపూ ఒకే మాట చెప్పింది. అమ్మకి చెప్పద్దని కవి అందర్నీ బతిమాలుకుంది. ఒక్కరికి మాత్రం చెప్పలేదు. మాటే రాని పిల్లకి ఎవరు చెబుతారు?

యాళిని అమ్మమ్మ కుచ్చెళ్ళు పట్టుకు లాగింది.

"తాత పోయాడు," అంది.

స్పష్టంగా అంది. గుహ ఆ మాటని ఇంకోసారి అంది.

కవి చెయ్యి పిల్ల నోటి మీదికి వెళ్ళి, మధ్యలో ఆగిపోయింది. ఆ నోరు ఎలా మూస్తుంది? అంజలై కదలకుండా నిలబడింది. తరవాత మెల్లిగా వంగి, కుండ కూతురి చేతికిచ్చి, ఆ రెండో మెట్టు మీదే కూలబడింది. దీపం వంక చూడలేదు. ఇంకో ఏడాది దాకా చూడకూడదు. పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

"ఇంకోసారి చెప్పమ్మా," అంది.

"తాత పోయాడు."

"ఇంకోసారి."

మెట్లన్నీ దిగేదాకా యాళిని ఆ ఒక్క మాటే అంటూ వచ్చింది. ఎదురొచ్చే భక్తులు విని పక్కకి తొలిగారు.

పాపాత్తి గొడుగు ముడిచి కుర్చీలోంచి లేచింది. "ఒసే అంజలా, ముందు కూర్చో," అంది.

"విన్నాను అక్కా."

"ఎవరు చెప్పారు? అందరి నోళ్ళూ కట్టేసింది కదా నీ కూతురు."

"నా మనవరాలు చెప్పింది."

పాపాత్తి పిల్ల వంక చూసింది, అంజలై వంక చూసింది, కుర్చీని ఆవిడ వైపు జరిపింది. అంజలై కళ్ళు తుడుచుకుని కుర్చీ సరిగ్గా వేసుకుని కూర్చుంది. అప్పటికే నిక్కర్లు వేసుకున్న ఇద్దరు ఆడపిల్లలు ఆవిడ కోసం నిలబడి ఉన్నారు. సంచిలోంచి బట్ట తీసి, మొదటి పిల్లని దగ్గరికి రమ్మంది.